ఇత్తడి చెంబు, రెండు నిమ్మకాయలు: ఇంట్లో మొదటి ఆయిల్ స్టిల్ లైఫ్ వేయడం ఎలా

ఆదివారాల్లో మా ఇంటి హాల్లో నలుగురైదుగురు కూర్చుని ఆయిల్ రంగులతో స్టిల్ లైఫ్, అంటే కదలని వస్తువుల్ని ముందు పెట్టుకుని చూసి వేసే బొమ్మలు, వేస్తుంటారు. వాళ్ళు కాక ఫోన్లో ఫొటో పంపి అడిగేవాళ్ళు వేరే. అందరి ప్రశ్నలూ తిప్పి తిప్పి రెండే. ఒకటి: "చెంబు చెంబులా లేదు, అట్టముక్క కత్తిరించి అంటించినట్టుంది, ఎందుకు?" రెండు: "మొదట్లో రంగులు బాగానే ఉన్నాయి, చివరికొచ్చేసరికి అన్నీ కలిసి బురదయ్యాయి, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తా. రెండు తప్పులకీ కారణం ఒకటే, రంగుల దగ్గరికి తొందరపడి వెళ్ళిపోవడం. వస్తువు మీద వెలుగు ఎక్కడిదాకా ఉంది, నీడ ఎక్కడ మొదలైంది అన్నది తేల్చుకోకుండా పసుపు ట్యూబు మూత తీస్తే ఎవరి చెంబైనా అట్టముక్కే అవుతుంది. అందుకే ఈ పద్ధతిలో సగం పని రంగు ముట్టుకోకముందే ఉంటుంది. విసుగొస్తే నన్ను తిట్టుకోండి, దాటేయకండి.

మొత్తం మూడు పూటల పని, పూటకి రెండున్నర గంటలు. వరసగా మూడు రోజులు కుదరదు, మధ్యలో ఆరడానికి వ్యవధి కావాలి. ఆదివారం ఆదివారం కూర్చుంటే మూడు వారాల్లో తేలుతుంది.

ఏమేం కావాలి

కాన్వాస్: 10 x 12 అంగుళాల కాన్వాస్ బోర్డు ఒకటి. మొదటి బొమ్మకి ఇంతకన్నా పెద్దది వద్దు, చిన్నదీ వద్దు. చిన్నదైతే చెయ్యి బిగుసుకుపోయి సన్న కుంచె పట్టుకుంటారు.

రంగులు ఏడే: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ. తెలుపు పెద్ద ట్యూబు తీసుకోండి, మిగతావన్నీ కలిపినంత అదొక్కటే ఖర్చవుతుంది. ట్యూబు మీద 'హ్యూ' అని ఉంటే అసలు పదార్థం బదులు అదే రంగొచ్చే వేరే పదార్థం వాడారని అర్థం. నేర్చుకునేటప్పుడు అది చాలు. నల్ల రంగు జాబితాలో లేదు. మర్చిపోయి కాదు, కావాలనే వదిలేశాను. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపితే కావలసినంత చీకటి వస్తుంది.

కుంచెలు: గట్టి వెంట్రుకల చదును బ్రష్‌లు 4, 6, 10 నంబర్లవి ఒక్కోటి, మెత్తని గుండ్రటిది 2 నంబరుది ఒకటి. ఆ రెండో నంబరు బ్రష్‌ని చివరి పూట దాకా డ్రాయర్‌లోనే ఉంచండి.

లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె గింజల నూనె. బొమ్మల సామాను అమ్మే చోట చిన్న సీసా దొరుకుతుంది. హార్డ్‌వేర్ షాపులో చెక్క పాలిష్ కోసం అమ్మే 'డబుల్ బాయిల్డ్' నూనె వద్దు, అది తొందరగా ఆరుతుంది కానీ బాగా పసుపెక్కుతుంది.

టర్పెంటైన్, రంగుని పల్చన చేయడానికి: బొమ్మలకి ఆర్టిస్టుల సీసా. హార్డ్‌వేర్ షాపు సరుకుతో బ్రష్‌లు కడుక్కోవచ్చు, రంగులో కలపకండి.

ఇవి కాక: రంగులు కలుపుకునే పాలెట్ బదులు ఒక గాజు పలక, దాని కింద బూడిద రంగు కాగితం, రంగు కలిపే మొండి కత్తి (పాలెట్ నైఫ్) ఒకటి, మూతలున్న రెండు గాజు సీసాలు, చిరిగిన బనియన్ గుడ్డలు, పాత న్యూస్‌పేపర్లు. బోర్డు నిలబెట్టే స్టాండు (ఈజిల్) లేకపోతే డైనింగ్ కుర్చీ వీపుకి బోర్డు ఆనించి పెట్టుకోండి, నేను రెండేళ్ళు అలాగే లాగించాను.

చాలామంది అడిగే మాట: "ఇంట్లో పల్లీ నూనె ఉంది కదా, అది కలపొచ్చా?" కలపకూడదు. ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అవిసె నూనెకి ఆ గుణం ఉంది, పల్లీ నూనెకి లేదు. కలిపితే బొమ్మ నెలల తరబడి జిడ్డుగా, దుమ్ము పట్టుకుంటూ అలాగే ఉంటుంది. కొబ్బరి నూనె సంగతీ అంతే.

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు

ఇవి భయపెట్టడానికి కాదు, కానీ మొదటిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. గట్టిపడేటప్పుడు నూనె వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోదు. ఒక ఏప్రిల్లో నేను కవర్లో కుక్కి బాల్కనీలో పెట్టిన గుడ్డల్ని గంట తర్వాత పట్టుకుంటే చేతికి చుర్రుమంది. అప్పటినుంచి వాడిన గుడ్డని విప్పి, బయట తీగ మీద ఒంటిపొరగా ఆరేస్తాను. పూర్తిగా బిరుసెక్కాకే చెత్తలోకి. అంత ఓపిక లేకపోతే నీళ్ళు నింపిన డబ్బాలో ముంచి మూతపెట్టండి.

రెండోది గాలి. టర్పెంటైన్ సీసా మూత తీసిపెట్టి, తలుపులు మూసి, ఏసీ వేసుకుని కూర్చుంటే తలనొప్పి ఖాయం. కిటికీ తెరవండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళో, పసిపిల్లలో ఉంటే టర్పెంటైన్ వాడకుండా నూనెతోనే వేసి, నూనెతోనే బ్రష్ తుడుచుకోవచ్చు. ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అంతే.

మూడోది, రంగు చేత్తో పకోడీ తినకండి. టీ కప్పూ టర్పెంటైన్ సీసా పక్కపక్కన పెట్టకండి. టీలో బ్రష్ ముంచని వాడు మా గుంపులో ఒక్కడూ లేడు.

ఇక పని

1. మూడు వస్తువులే తీసుకోండి. 

ఒక పొడుగుది, ఒక గుండ్రటిది, ఒక చిన్నది. నేను చెప్పేది ఇత్తడి చెంబు, రెండు నిమ్మకాయలు, ఒక ఎర్ర ఉల్లిపాయ. నిమ్మకాయలు రెండైనా ఒకదానికొకటి ఆనించి పెడితే ఒకే వస్తువు కింద లెక్క. చెంబు ఇంట్లో లేకపోతే హైదరాబాద్ బేగం బజార్‌లో పాత్రల దుకాణాల వరసలో తిరగండి, లేదా ఊళ్ళో అమ్మమ్మనడగండి. కొత్తది తళతళలాడుతుంది, దానికన్నా కాస్త మసకబారింది వేయడం తేలిక. చింతపండు పెట్టి తోమేయకండి! తోమిన చెంబు అద్దమే, గదంతా అందులో కనబడుతుంది, మీ మొహంతో సహా.

చెంబు బదులు ఇరానీ చాయ్ కప్పు, సాసర్, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టుకుంటే కూడా బాగుంటుంది. చాయ్ మీద తొరక కట్టేలోగా వేయలేరు కనుక కప్పు ఖాళీగానే ఉంచండి. దసరా ముందు రోడ్ల పక్కన సీతాఫలాల తట్టలు కనబడగానే అందరికీ అవే వేయాలనిపిస్తుంది. మొదటి బొమ్మకి వద్దు. ఒక్కో కన్నూ గీస్తూ పోతే కాయ గుండ్రంగా ఉందన్న సంగతే మర్చిపోతారు, పైగా రెండు మూడు రోజుల్లో మెత్తబడి కూలిపోతుంది. బిద్రీ కూజా అందంగా ఉంటుంది, నల్లటి ఒంటి మీద వెండి తీగ పనితనం. అది అయిదో బొమ్మకి దాచుకోండి.

2. వెలుగు ఒక్కవైపు నుంచే రావాలి. 

బొమ్మ బాగుపడినా పాడైనా ఇక్కడే. కిటికీ వెలుగు ఒకవైపు, నెత్తిన ట్యూబ్‌లైటు ఇంకోవైపు ఉంటే ప్రతి వస్తువుకీ రెండేసి నీడలు పడతాయి. రెండు నీడలున్న చెంబు ఎంత బాగా వేసినా గుండ్రంగా కనబడదు. ట్యూబ్‌లైటు ఆపేయండి.

ఉత్తరపు కిటికీ దగ్గర వేయమని పాత పుస్తకాలన్నీ చెబుతాయి, ఎండ నేరుగా పడదు, వెలుగు గంటల తరబడి మారదని. అది యూరప్ సంగతి. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపునే ఉంటాడు. ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలికొచ్చేస్తుంది. కాబట్టి ఎండాకాలం, వానల మొదట్లో కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి. చలికాలంలో అక్కర్లేదు. ఏ కిటికీ అయినా సరే, మూడు పూటలూ ఒకే సమయానికి కూర్చోండి. పొద్దున 9కి మొదలుపెట్టిన బొమ్మని సాయంత్రం 4కి సవరిస్తే అది రెండు వేర్వేరు బొమ్మలవుతుంది.

ఆఫీసు అయ్యాక రాత్రిపూట మాత్రమే కుదిరేవాళ్ళకి ప్రత్యామ్నాయం ఉంది. కిరాణా కొట్టులో ఒక పెద్ద అట్టపెట్టె అడిగి తెచ్చుకోండి. ముందువైపు, ఎడమవైపు కోసేయండి. లోపల వస్తువులు పెట్టి, ఎడమ నుంచి, కాస్త పై నుంచి ఒక టేబుల్ ల్యాంప్ వేయండి. మీ కాన్వాస్ మీద ఇంకో బల్బు కావాలి, దాని వెలుగు పెట్టెలోకి పోకుండా అట్ట అడ్డం పెట్టుకోండి. ఆ రెండు బల్బులూ ఒకే రకం ఉండాలి. ఒకటి పసుపు, ఒకటి తెలుపు అయితే రాత్రి సరిగ్గా కనబడిన రంగు పొద్దున చూస్తే ఏడుపొస్తుంది.

సరిచూసుకోవడం: కళ్ళు సగం మూసి చూడండి. చెంబు రెండు భాగాలుగా, వెలుగు వైపు, నీడ వైపు, స్పష్టంగా విడిపోవాలి. విడిపోలేదంటే వెలుగు ఇంకా చెదిరిపోతోందన్నమాట. దీపం జరపండి, కిటికీ సగం మూయండి. ఈ మెట్టుకి అరగంట పట్టినా పర్వాలేదు.

3. అమర్చండి, గుర్తులు పెట్టండి. 

కింద ముదురు రంగు నూలు గుడ్డ పరవండి, పూలూ గళ్ళూ లేనిది. చెంబుని సరిగ్గా మధ్యలో నిలబెట్టకండి, కొంచెం పక్కకి. ఒక నిమ్మకాయ చెంబుని కొంచెం కమ్మేలా ముందు ఉండాలి. ఉల్లిపాయ కాస్త ఎడంగా. ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు: రెండు వస్తువుల అంచులు తాకీ తాకనట్టు పెట్టడం. అలా పెడితే ఏది ముందుందో, ఏది వెనకుందో కంటికి తెలియదు. అయితే ఒకదాన్నొకటి కప్పాలి, లేకపోతే బాగా దూరంగా ఉండాలి.

ఫోన్ కెమెరాతో నాలుగైదు రకాలుగా ఫొటోలు తీసి, అరచేతిలో చిన్నగా చూసి ఎంచుకోండి. టేబుల్ అంచు గీత బొమ్మని సగానికి నరికేలా ఉంటే కెమెరా ఎత్తు మార్చండి.

నచ్చాక, ప్రతి వస్తువు చుట్టూ సుద్దముక్కతో గుడ్డ మీద గీయండి. మీ కుర్చీ కాళ్ళ దగ్గర నేల మీద టేపు అంటించండి. ఊడ్చేవాళ్ళకీ పిల్లలకీ ముందే చెప్పండి. ఫొటో ఒకటి ఉంచుకోండి, కానీ ఫొటో చూసి వేయకండి. ఫోన్ నీడల్ని నల్లగా ముద్ద చేసేస్తుంది, అందులో మీక్కావలసిందేమీ మిగలదు. వారానికి నిమ్మకాయ తోలు ముడతలు పడుతుంది కనుక మొదటి పూట కాయల్ని నిశ్చింతగా పులిహోరలో పిండేసుకోండి. రెండో పూటకి అదే సైజువి కొత్తవి తెచ్చి సుద్ద గీతలో పెడితే సరిపోతుంది.

4. కాన్వాస్ నూనె పీలుస్తుందో లేదో చూడండి. 

చౌక బోర్డులకి పూత పల్చగా ఉంటుంది. ఒక మూల టర్పెంటైన్‌లో కలిపిన రంగు చుక్క పెట్టండి. పది నిమిషాల్లో పొడిబారి చుట్టూ నూనె మరక వలయంలా పాకితే పూత చాలదు. అక్రిలిక్ జెస్సో (రంగుకి ముందు కాన్వాస్‌కి వేసే తెల్ల పూత) రెండు పూతలు, ఒకటి అడ్డంగా, ఆరాక ఒకటి నిలువుగా వేసి, 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. ఒక రోజు ఆగండి. అక్రిలిక్ పూత మీద ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం ఎప్పుడూ వేయకండి, ఊడొస్తుంది.

5. గీయండి. (మొదటి పూట ఇక్కడ మొదలు.) 

పెన్సిల్ బదులు, పల్చటి బర్న్ట్ అంబర్‌తో 4 నంబరు బ్రష్ పట్టుకుని గీయండి. తప్పయితే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేయొచ్చు.

ముందు కొలతలు. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, బ్రష్ కర్ర మీద బొటనవేలితో చెంబు వెడల్పు కొలవండి. అదే కొలత చెంబు ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. మోచెయ్యి వంగితే లెక్క తప్పుతుంది. చెంబుకి నడుమ ఒక నిలువు గీత గీసి, మూతి, మెడ, కడుపు, అడుగు, ఒక్కోటి ఆ గీతకి రెండు పక్కలా సమానంగా ఉండేలా గుర్తులు పెట్టండి.

ఇక అసలు చిక్కు, చెంబు మూతి. పక్క నుంచి చూస్తే గుండ్రటి మూతి కోడిగుడ్డును నొక్కినట్టు సాగిన వలయంలా కనబడుతుంది. రెండు చివర్లలో దాన్ని ఆకులాగా కొసదేల్చి గీయడం తప్పు. ఎంత సన్నగా ఉన్నా ఆ చివరలు గుండ్రంగానే తిరగాలి. రెండో తప్పు, టేబుల్ మీద ఉంది కదాని చెంబు అడుగుని సరళరేఖలా గీయడం. కంటి మట్టం నుంచి కిందికి వెళ్ళేకొద్దీ వలయం ఇంకా తెరుచుకుంటుంది. అంటే అడుగు వంపు మూతి వంపుకన్నా ఎక్కువ ఉండాలి. నమ్మకం లేకపోతే ఒక స్టీలు గ్లాసుని కళ్ళ ముందు పెట్టుకుని మెల్లగా కిందికి దించుతూ చూడండి.

సరిచూసుకోవడం: బోర్డుని అద్దంలో చూడండి. మామూలుగా కనబడని వంకర అద్దంలో వెంటనే దొరుకుతుంది. తర్వాత బోర్డుని తలకిందులు చేసి చూడండి. చెంబు ఒకవైపు ఒరిగి ఉంటే ఇప్పుడే దిద్దండి. రంగు పడ్డాక దిద్దడానికి మనసొప్పదు.

6. అంబర్‌తో వెలుగునీడలు. 

పాలెట్ మీద బర్న్ట్ అంబర్, టర్పెంటైన్ కలిపి పల్చటి డికాక్షన్‌లా చేయండి. నూనె కలపకండి. నీడ భాగాలన్నీ, చెంబు నీడ వైపు, గుడ్డ మీద పడ్డ నీడ, నిమ్మకాయ కింది భాగం, ఒకే ముద్దగా, 10 నంబరు బ్రష్‌తో నింపేయండి. వస్తువుల మధ్య గీతలు పోతాయని భయపడకండి. వెలుగు భాగాల్ని వదిలేయండి, అక్కడ రంగు పడితే గుడ్డతో తుడవండి. ఇక్కడ తెలుపు వాడటం లేదు, బోర్డు తెలుపే మీ వెలుగు.

ఒక అట్టముక్క మీద తెలుపు నుంచి ముదురు దాకా అయిదు మెట్లు వేసుకుని పక్కన పెట్టుకోండి. ప్రతి చోటూ అందులో ఏ మెట్టుదో కళ్ళు సగం మూసి తేల్చండి. మెరిసే చెంబు అంతా లేత రంగనుకుంటారు కానీ దాని నీడ వైపు మూడు, నాలుగు మెట్లలో ఉంటుంది. పసుపు నిమ్మకాయ నీడ వైపు కూడా రెండు దాటుతుంది.

సరిచూసుకోవడం: ఫోన్లో వస్తువులవీ, బొమ్మదీ ఫొటోలు తీసి రెంటినీ నలుపు తెలుపు చేసి పక్కపక్కన చూడండి. ఎనిమిది అడుగుల దూరం నుంచి ఈ గోధుమరంగు మచ్చలు చెంబులా, కాయల్లా కనబడుతుంటే గెలిచినట్టే. కనబడకపోతే రంగులు దాన్ని బాగుచేయలేవు, తుడిచి మళ్ళీ వేయండి. నిజంగా. తుడవడానికి రెండు నిమిషాలు చాలు.

ఇక్కడితో మొదటి పూట అయిపోయింది. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కనుక త్వరగా ఆరుతుంది. ఎండాకాలం ఒక రోజు, ముసురు పట్టిన జూలైలో మూడు రోజులు.

7. రంగులు. (రెండో పూట.) 

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి: కింది పొర బక్కది, పై పొర నూనెది. కింద టర్పెంటైన్ ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ నూనె ఎక్కువ. తిరగేస్తే పాల మీద మీగడలా పైన పొర కట్టి, కింద ఇంకా కదులుతూ, కొన్నాళ్ళకి పగుళ్ళిస్తుంది. ఈ పూటకి టర్పెంటైన్, లిన్సీడ్ సమానంగా కలిపి చిన్న గిన్నె అడుగున కొంచెం ఉంటే చాలు, రంగు దానిలో ఈదకూడదు.

చెంబుకి బంగారు రంగు ట్యూబు కొనకండి. ఇత్తడికి మెరుపు ఇచ్చేది పసుపు కాదు, ముదురు పక్కన ఒక్కసారిగా వచ్చే లేత. ముదురు భాగాలకి బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్. మధ్య రంగుకి ఎల్లో ఓకర్, చిటికెడు బర్న్ట్ సియెన్నా. వెలుగు వైపు ఓకర్, లెమన్ ఎల్లో, కొంచెం తెలుపు. నీడ వైపు అంచు దగ్గర గుడ్డ రంగు ప్రతిఫలిస్తుంది, నిమ్మకాయ ఉన్నచోట ఆ పసుపు చెంబు కడుపు మీద ఒక మచ్చలా కనబడుతుంది. అది పెట్టండి, చెంబూ కాయా ఒకే గదిలో ఉన్నట్టుంటాయి. ఆ మచ్చ కాయ కంటే మసకగా ఉండాలి.

నిమ్మకాయ నీడకి నలుపు కలిపితే ఆకుపచ్చ వస్తుంది, కాయ పచ్చిదవుతుంది. ఓకర్‌లో, క్రిమ్సన్, నీలం కలిసిన ఊదా చుక్క వేయండి. ఉల్లిపాయ వెలుగు వైపు క్రిమ్సన్, సియెన్నా, తెలుపు. పొట్టు గీతల జోలికి ఇప్పుడే పోవద్దు, మూడు నాలుగు గీతలు చివర్లో చాలు.

కలిపిన రంగు సరైనదో కాదో తేలాలంటే నైఫ్ కొస మీద తీసుకుని, ఒక కన్ను మూసి, వస్తువుకి అడ్డంగా చాపండి. నైఫ్ మీది రంగు వస్తువులో కలిసిపోతే సరే. వేరుగా కనబడితే ముందు ముదురు లేత సరిచేయండి, ఆ తర్వాత రంగు.

ఇప్పుడు బురద సంగతి. మూడు కారణాలు. నాలుగైదు ట్యూబులు కలపడం ఒకటి: తెలుపు కాక రెండు, మహా అయితే మూడు. బ్రష్ తుడవకపోవడం ఇంకొకటి: నీడకి ఒకటి, వెలుగుకి ఒకటి విడిగా ఉంచండి, నాలుగుసార్లు రంగు పెట్టగానే పేపర్‌తో తుడవండి. అన్నిటికన్నా పెద్దది, పెట్టిన రంగుని మళ్ళీ మళ్ళీ నిమరడం. పెట్టండి, చెయ్యి తీసేయండి. తప్పయితే నైఫ్‌తో గీకి కొత్తగా పెట్టండి. నీడల్లోకి తెలుపు పోనివ్వకండి, పోతే సున్నం కొట్టినట్టుంటుంది.

వెనక గోడని చివరికి మిగల్చకండి. అన్నీ అయ్యాక ఖాళీ నింపినట్టు వేస్తే మళ్ళీ అట్టముక్కే. చెంబు అంచు తడిగా ఉన్నప్పుడే వెనక రంగు కూడా వేయాలి.

8. అంచులు, మెరుపులు. (మూడో పూట, కనీసం అయిదారు రోజుల తర్వాత.) 

రంగులో నూనె ఈసారి ఇంకాస్త ఎక్కువ. అన్ని అంచులూ బ్లేడుతో కోసినట్టుంటే కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. వెలుగు వైపు చెంబు మూతి, ముందు నిమ్మకాయ, ఈ రెండూ స్పష్టంగా ఉంచి, నీడ వైపు అంచుల్ని పొడి బ్రష్‌తో ఒక్కసారి అటూ ఇటూ లాగి వెనక గోడలో కలపండి.

ఇప్పుడు డ్రాయర్‌లోంచి 2 నంబరు బ్రష్ తీయండి. చెంబు మీద మెరుపు కిటికీ ఆకారంలో, కడుపు వంపుని బట్టి వంగి ఉంటుంది. తెలుపు, సూదిమొనంత లెమన్ ఎల్లో, మందంగా, ఒకే పట్టు. ఒకటో రెండో. పదిచోట్ల పెడితే చెంబుకి ఆటలమ్మ పోసినట్టుంటుంది.

ఇది ఎలా ఉండాలో ఒకసారి కళ్ళారా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ చిత్రాల గదికి వెళ్ళండి, శుక్రవారం సెలవు. దూరం నుంచి తళుక్కుమనే చోట దగ్గరికెళ్ళి చూస్తే ఒక లేత రంగు ముద్ద తప్ప ఏమీ ఉండదు, దాని పక్కన ఎంత ముదురు ఉందో మాత్రం గమనించండి.

9. ఆపాలా, వద్దా? 

రెండు రోజులు గోడవైపు తిప్పి పెట్టి, తర్వాత ఒక్కసారిగా తిప్పి చూడండి. మొదట కన్ను ఎక్కడికి పోయింది? చెంబు దగ్గరికే అయితే ఆపేయండి. మూలనున్న గుడ్డ మడత దగ్గరికి పోతే ఆ మడతని మసక చేయండి. కొన్నిచోట్ల రంగు మెరుపు చచ్చి పొడిబారినట్టుంటే అది తప్పు రంగు కాదు, కింద పొర నూనె పీల్చింది. ఆ భాగం ముట్టుకుంటే అంటనంతగా ఆరాక, చాలా పల్చగా లిన్సీడ్ రాసి, గుడ్డతో దాదాపు అంతా తుడిచేయండి, అసలు రంగు బయటికొస్తుంది.

10. ఆరబెట్టడం. 

వెలుగున్న గదిలో, దుమ్ము పడకుండా గోడకి ఏటవాలుగా, బొమ్మ కిందికి చూసేలా ఆనించండి. మన ఊళ్ళో ఎక్కడో ఒకచోట రోడ్డు తవ్వుతూనే ఉంటారు కనుక బాల్కనీ వద్దు. మే ఎండలోనూ పెట్టకండి, అలాగని బీరువాలో దాచకండి. చీకట్లో లిన్సీడ్ పసుపెక్కుతుంది. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, ఆరడం వేరు. వారంలో అంటదు, మందంగా ఉన్నచోట లోపల ఆరడానికి నెలలు పడుతుంది. వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతే. ముందు ఒక మూల దూది మీద కొంచెం టర్పెంటైన్ అద్ది మెల్లగా రుద్దండి. దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి. ఆయిల్ బొమ్మకి గాజు ఫ్రేము అక్కర్లేదు.

ప్రతి పూటా చివర బ్రష్‌లు

ముందు పేపర్‌తో గట్టిగా పిండి తుడవండి, రంగులో ముప్పాతిక అక్కడే పోతుంది. తర్వాత టర్పెంటైన్. ఆ తర్వాత బట్టల సబ్బు మీద బ్రష్ రుద్దుతూ అరచేతిలో నురగ తెల్లగా వచ్చేదాకా కడిగి, వెంట్రుకల్ని వేళ్ళతో సరిచేసి పడుకోబెట్టండి. సీసాలో నిలబెట్టి వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయి. ఇందాక వద్దన్న పల్లీ నూనె ఇక్కడ పనికొస్తుంది, టర్పెంటైన్ బదులు దాంతో రంగు వదిలించి సబ్బుతో జిడ్డు పూర్తిగా పోగొట్టండి. వాడిన టర్పెంటైన్‌ని సింకులో పోయకండి. మూతపెట్టి రెండు రోజులు వదిలేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేటని వేరే సీసాలోకి వంచుకుని మళ్ళీ వాడుకోవచ్చు.

రెండో బొమ్మకి వస్తువులు మార్చాలా అని అడుగుతుంటారు. ఇటలీలో జార్జో మొరాండీ అనే చిత్రకారుడు (1890–1964) అవే సీసాలు, అవే డబ్బాలు జరుపుకుంటూ దశాబ్దాల పాటు వేశాడు. చెంబు అక్కడే ఉంచండి, దీపాన్ని ఎడమ నుంచి కుడికి మార్చండి. నిమ్మకాయలు మాత్రం మళ్ళీ కొనాలి.